గోదావరి పొంగకముందే ఆసుపత్రి ఉన్న ఊరు చేరండి

మీది కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు వైపు ఊరా? ఇంట్లో గర్భిణికి జూలై నుంచి సెప్టెంబరు లోపు నెలలు నిండుతాయా? అయితే కాన్పు ఎక్కడో ఇప్పుడే తేల్చుకోండి.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. హెచ్చరిక కోసం చూస్తూ కూర్చోవద్దు. గోదావరి పోటుకు శబరి నది ఎగదన్నితే రోడ్డు మునుగుతుంది. 108 బండి వచ్చినా వాగు అవతలే ఆగిపోతుంది.

మా వదినకు మొదటి కాన్పు ఆపరేషన్. రెండోసారి ఏడో నెలలో బీపీ మొదలైంది. మట్టెలు ఉబ్బిన వేళ్లలో కూరుకుపోతే, నీరు పట్టిందిలే, మామూలే అనుకున్నాం. ఒక రాత్రి తల పగిలిపోతోందని, కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయని ఏడ్చింది. ట్రాక్టర్ మీద వాగు దాటించాం. సిస్టర్ రెండుసార్లు చూసింది, బీపీ 170/110. తల్లీబిడ్డా దక్కారు. కానీ ఆ దారి పొడవునా మా అన్నయ్య పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు.

బీపీ, షుగర్, కవలలు, పాత ఆపరేషన్, మాయ కిందికి ఉండటం, రక్తం (హిమోగ్లోబిన్) 7 గ్రాముల లోపు, ఇంతకుముందు బిడ్డ పోవడం: వీటిలో ఏ ఒక్కటున్నా ఇంటి దగ్గర కాన్పు మాట ఎత్తకండి. ప్రతి నెల 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజు వెళ్లి, ఎప్పుడు వచ్చి ఉండాలో డాక్టర్‌నే అడగండి. నెలలు నిండటానికి రెండు మూడు వారాల ముందే కదలడం మంచిదని నా అభిప్రాయం. కవలలైతే ఇంకా ముందే. బస దొరక్కపోతే ఆశా అక్కకు చెప్పండి, ఏజెన్సీలో కొన్నిచోట్ల గర్భిణులు ముందుగా వచ్చి ఉండటానికి గదులున్నాయి.

దగ్గరగా ఉందని ఏదో ఒక ఆసుపత్రికి వెళ్లిపోకండి. రాత్రి పూట ఆపరేషన్ చేస్తారా, మత్తు డాక్టర్ ఉంటారా, రక్తం దొరుకుతుందా, నెల తక్కువ బిడ్డను చూసుకునే వార్డు ఉందా అని ముందే కనుక్కోండి. రక్తం ఇవ్వగల బంధువులు ఇద్దరిని మాట్లాడి పెట్టుకోండి. గర్భిణిది నెగెటివ్ గ్రూపైతే అది మరీ ముఖ్యం.

కార్డు, స్కానింగ్ కాగితాలు పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టండి. బీపీ మాత్రలు వరద రోజులకూ సరిపడా తెచ్చుకోండి, బాగానే ఉందని మధ్యలో ఆపకండి. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పై పొట్టలో నొప్పి, ముఖం వాపు, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, చుక్క రక్తం కనిపించడం: ఇందులో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. మాయ కిందికి ఉన్నవాళ్లను మంత్రసాని చేత లోపల పరీక్ష చేయించకండి, రక్తం ఆగదు.

బిడ్డ పుట్టాక కూడా గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, రావచ్చు. వరద తీసిందని, ఇంట్లో పనులున్నాయని తొందరపడకండి. బీపీ చూసి డాక్టర్ పంపిస్తేనే బయల్దేరండి. ఇంటికొచ్చాక ఆ వారంలోనే ఏఎన్ఎం చేత మళ్లీ బీపీ చూపించండి.