మొదటి ఇంజిన్‌గా వాబ్లర్ చేసుకోండి

మోడల్ ఇంజిన్ చేద్దామనుకునే కుర్రాళ్ళు మా ఇంటికొచ్చి అడిగేది దాదాపు ఒకటే: పెట్రోల్‌తో నడిచేది ఎలా చెయ్యాలి అని. మొదటిది అలాంటిది వద్దు నాయనా. ఇగ్నిషన్, కార్బురేటర్, రింగులు, వాల్వులు... ఇన్నిటిలో ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోలేక విసుగొస్తుంది. వాబ్లర్‌తో మొదలుపెట్టండి. గాలి ఒత్తిడితోనో ఆవిరితోనో నడిచే ఈ చిన్న ఇంజిన్‌కి వాల్వుల గొడవ లేదు. సిలిండరే ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. దాని రంధ్రం ఒక వైపు ఊగినప్పుడు గాలి వచ్చే దారికి, రెండో వైపు ఊగినప్పుడు గాలి పోయే దారికి ఎదురుగా వస్తుంది. బాగా కుదిరితే నోటితో ఊదినా తిరుగుతుంది.

నేను బెంగళూరు పీణ్యాలో టూల్‌రూమ్‌లో చేసి రిటైరైనవాణ్ణి, సొంతూరు హిందూపురం. 1953లో బెంగళూరులోనే పుట్టిన హెచ్‌ఎంటీ లేత్‌ల మీద చెయ్యి తిరిగినవాళ్ళకి చిన్న లేత్ బొమ్మలా అనిపిస్తుంది. కానీ మేడ మీద గదిలోకి హెచ్‌ఎంటీ లేత్ ఎక్కదు కదా! 40 కిలోల దరిదాపు బరువుండే మినీ లేత్, ఒక బెంచి డ్రిల్, వెర్నియర్ ఉంటే ఈ ఇంజిన్‌కి చాలు. కాళ్ళ కింద మందపాటి రబ్బరు షీటు వెయ్యండి, కింది ఇంటివాళ్ళు పైకి రారు. ట్యాపులు (మరలు కోసేవి), రీమర్లు (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి తెచ్చేవి) ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. అక్కడ చాలా షాపుల్లో తెలుగులోనే బేరమాడొచ్చు. ఇత్తడి ముక్కలు పీణ్యా స్క్రాప్ షాపుల్లో కిలో లెక్కన తెచ్చుకోండి. కొత్త రాడ్డు కొనడం దండగ.

కొలతలు ఇవి పెట్టుకోండి. సిలిండర్‌కి 20 మి.మీ. చదరపు ఇత్తడి, బోర్ (లోపలి రంధ్రం వ్యాసం) 10, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 16. అంటే పిస్టన్ రాడ్డు తగిలే క్రాంక్ పిన్ను షాఫ్ట్ సెంటర్ నుంచి 8 మి.మీ. దూరంలో ఉండాలి. సిలిండర్ ఊగే పిన్ను షాఫ్ట్‌కి 40 మి.మీ. పైన. ఫ్లైవీల్ 50 వ్యాసం, ఎంత బరువుంటే అంత మంచిది.

బోర్‌కి 9.8 డ్రిల్ వేసి 10 రీమర్ నెమ్మదిగా దింపండి. ఇత్తడిలో డ్రిల్ బిట్ ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది, జాబ్ చేతిలోంచి ఎగిరిపోతుంది. బిట్ కటింగ్ అంచుని ఆయిల్ స్టోన్ మీద కొంచెం రుద్ది చదును చేస్తే ఆ బాధ ఉండదు. పిస్టన్ స్టీల్‌తో, బోర్‌లో సొంత బరువుకి మెల్లగా జారేంత ఫిట్‌తో చెయ్యండి. రింగులు అక్కర్లేదు, నూనె నిలవడానికి సన్నటి గాడి ఒకటి చాలు. బోర్‌లోకి గ్రైండింగ్ పేస్టు మాత్రం రానివ్వకండి. ఆ రజను మెత్తటి ఇత్తడిలో గుచ్చుకుపోయి పిస్టన్‌ని అరగదీస్తూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. ఈ ఇంజిన్ ప్రాణమంతా రెండు చదును ముఖాల్లో, మూడు చిన్న రంధ్రాల్లో ఉంది. సిలిండర్ ఊగే పిన్ను నుంచి 10 మి.మీ. పైన సిలిండర్ రంధ్రం ఉందనుకోండి. క్రాంక్ 8, దూరం 40 కాబట్టి ఆ రంధ్రం ఒక్కో వైపుకి 10లో అయిదో వంతు, అంటే 2 మి.మీ. జరుగుతుంది. కాబట్టి సిలిండర్ ఆనుకుని ఊగే నిలువు పలకలో గాలి వచ్చే, పోయే రెండు రంధ్రాల సెంటర్లు 4 మి.మీ. ఎడంగా రావాలి. డ్రిల్ 1.8 వాడితే సిలిండర్ నిటారుగా ఉన్నప్పుడు ఒక్కో వైపు 0.2 మి.మీ. గ్యాప్ మిగులుతుంది. 2 దాటిన డ్రిల్ వేశారా, గాలి నేరుగా ఇటు నుంచి అటు పోతుంది.

ఇంత చిన్న దూరాన్ని గీతలు గీసి, పంచ్ కొట్టి సాధిద్దామనుకోకండి. 3 మి.మీ. స్టీల్ పట్టీతో జిగ్ (డ్రిల్‌కి దారి చూపే పట్టీ) చేసుకోండి: ఒక పిన్ను రంధ్రం, దానికి 10 మి.మీ. పైన 1.8 రంధ్రం, కింద క్రాంక్ పిన్ను జారే పొడుగాటి గాడి. పట్టీని నిలువు పలక మీద ఎక్కించి, ఫ్లైవీల్ తిప్పండి. పట్టీ ఒక చివర దాకా వెళ్ళి వెనక్కి తిరిగే చోట బిగించి, గైడ్ రంధ్రంలోంచి డ్రిల్ చెయ్యండి. రెండో చివరా అంతే. సిలిండర్ రంధ్రం కూడా ఇదే పట్టీతో వెయ్యండి. అప్పుడు 10 కాస్తా 10.1 అయినా రెండు వైపులా ఒకేలా అవుతుంది. పిన్ను మర రంధ్రం మాత్రం బోర్‌లోకి దిగకుండా చూసుకోండి.

సిలిండర్, పలక ముఖాలు మందపాటి గాజు మీద 400, తర్వాత 800 వాటర్ పేపర్ పరిచి రుద్దాలి. సిలిండర్ ముఖం బోర్‌కి సమాంతరంగా లేకపోతే ఎంత రుద్దినా లాభం లేదు. పలకలో పిన్ను రంధ్రం చుట్టూ కొంచెం లోతుగా తీసేస్తే ముఖాలు సరిగ్గా కూర్చుంటాయి. సిలిండర్‌ని పలకకి అదిమి ఉంచే వెనక వైపు స్ప్రింగ్‌కి బాల్‌పెన్నుది చాలు, గాలి కారకుండా ఉండేంతవరకే బిగించండి.

పరీక్షకి కంప్రెసర్ కొననక్కర్లేదు. గాలి నింపిన స్కూటర్ ట్యూబు నుంచి గొట్టం తగిలించండి, కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు వేసి ఫ్లైవీల్‌ని వేలితో తోయండి. ముఖాల దగ్గర నూనెలో బుడగలు వస్తే మళ్ళీ గాజు పని. గాలి లేకుండా చేత్తో తిప్పినా బిగుసుకుంటుంటే క్రాంక్ పిన్ను వంకరగా ఉన్నట్టు. గొట్టం రెండో రంధ్రానికి మారిస్తే ఇంజిన్ వెనక్కి తిరుగుతుంది, పిల్లలకి ఇదే నచ్చుతుంది.

ఆవిరితో నడపాలన్న ఉబలాటం ఆగదని నాకు తెలుసు. బాయిలర్‌కి ఎలక్ట్రానిక్స్ వాళ్ళు వాడే 60/40 సోల్డర్ పనికిరాదు, అది దాదాపు 190 డిగ్రీలకే కరిగిపోతుంది, నీళ్ళు అయిపోతే అతుకు విడిపోతుంది. సిల్వర్ సోల్డర్ వేసి, సేఫ్టీ వాల్వ్ పెట్టి, నడిపే ప్రెషర్‌కి రెట్టింపు దాకా చన్నీళ్ళతో పంపు కొట్టి చూశాకే మంట పెట్టాలి. ఆ పని ఎవరైనా తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోండి. అందాకా స్కూటర్ ట్యూబే.