మొక్క వాడిపోతే ముందు కవరు అడుగు చూడండి

నర్సరీలకు పేరున్న కడియం నుంచి మొక్కల లోడు దింపుకుని రోడ్డు పక్కన నర్సరీ నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆకు వాలిందంటే చాలు, మన చేయి నీళ్ల పైపు మీదికే పోతుంది. నా అనుభవంలో జబ్బు చాలాసార్లు ఆకులో ఉండదు, మొక్క ఉన్న ప్లాస్టిక్ కవరులో ఉంటుంది.

రోజూ నీళ్లు పోస్తున్నా వాడుతోంది

కడియం మొక్కలు చాలావరకు బంకమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్ద ఒక్కసారి పూర్తిగా ఎండితే ఇటుకలా బిగుసుకుని కవరు అంచుల్ని వదిలేస్తుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి కింద చిల్లుల్లోంచి పోతాయి. పైన తడి, లోపల పొడి. నీళ్లు పోసిన వెంటనే కవరు ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటే ఇదే కారణం.

కవరుతో సహా బకెట్లో ముంచండి. బుడబుడమని బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా ఉంచి, తీసి నీడలో పెట్టండి. కుండీలోకి మార్చేటప్పుడు ముద్దను పగలగొట్టొద్దు, సన్న వేర్లు తెగిపోతాయి. నానాక బయటి పొర మాత్రం చేత్తో కాస్త రాల్చి, చుట్టూ ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి.

మన దగ్గర కళకళలాడింది, కొన్నవాళ్లింట్లో మర్నాటికే వాలిపోయింది

ఈ ఫిర్యాదు విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు. నెలల తరబడి ఒకేచోట ఉన్న మొక్క చిల్లుల్లోంచి వేరు దించి నేలలోంచి తాగుతూ ఉంటుంది. మనం కవరు ఎత్తగానే పుటుక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ తెగింది అసలు వేరు.

మూడు నాలుగు వారాలకోసారి ప్రతి వరుసనీ ఎత్తి జరపాలి. కింద మందపాటి షీటు పరిస్తే ఇంకా మంచిది. ఇప్పటికే వేరు దిగిన మొక్కకి బయటి వేరు కత్తెరతో కోసి, కొమ్మలు మూడో వంతు తగ్గించి, వారం రోజులు నీడలో ఉంచి, కొత్త చిగురు కనిపించాకే అమ్మండి. అంతవరకూ ఎవరడిగినా ఇవ్వొద్దు.

లోడు దిగిన వారంలో గులాబీ ఆకులు రాలాయి

లారీలో గాలి దెబ్బ, చీకటి, కుదుపు. కొమ్మను గోటితో గీకితే కింద పచ్చగా ఉందా? బతికే ఉంది. షేడ్ నెట్ కింద ఉంచి, చిగురు పట్టేదాకా ఎరువు వేయకండి.

నూరువరహాల కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ

ఇనుము అందడం లేదు. సున్నం, క్షారగుణం ఉన్న బోరు నీళ్లు ఎక్కువగా వాడేచోట ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వెంటనే, సాయంత్రం పూట పిచికారీ చేయండి. వారం తేడాతో రెండు మూడుసార్లు కొట్టాలి. పసుపు ముదురాకుల్లో మొదలైతే అది వేరే సంగతి, ఎక్కువసార్లు నత్రజని లోపం.

అడీనియం కాండం మెత్తబడింది

పూలు బాగున్నాయని, తక్కువ నీళ్లు చాలే అడీనియాన్ని ఫెర్న్‌ల పక్కన పెడతాం, ఒకే పైపుతో రెండింటినీ తడుపుతాం. మొక్కల్ని రంగును బట్టి కాదు, దాహాన్ని బట్టి వరుసలు పెట్టండి. కుళ్లిన భాగం తెల్లటి గట్టి కండ వచ్చేదాకా కోసి, కొన్ని రోజులు ఆరనిచ్చి, ఇసుక ఎక్కువున్న మట్టిలో నాటండి.

మందారం చిగుళ్ల మీద తెల్లటి దూది

పిండినల్లి. ముందుగా ఆ మొక్కను వరుసలోంచి తీసేయండి. నీళ్ల ధారతో కడిగి, లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టండి, వారానికి మళ్లీ. అయినా తిరిగొస్తుంటే, పిండినల్లిని మోసుకొచ్చే చీమల బారు ఎక్కడ మొదలైందో వెతకండి. వాటి పుట్ట చాలాసార్లు ఆ కవరు కిందే ఉంటుంది.