రాకీ పర్వతాల బీవర్ వేటగాళ్ల సామానును చూసి నేటి అత్యవసర సంచిని సర్దుకునే విధానం

1870 సెప్టెంబరులో అమెరికాలోని రాకీ పర్వతాల్లో ఎల్లోస్టోన్ ప్రాంతాన్ని పరిశీలించడానికి వెళ్లిన బృందం నుంచి ట్రూమన్ ఎవర్ట్స్ అనే 54 ఏళ్ల వ్యక్తి తప్పిపోయాడు. దారి చూసుకుందామని గుర్రం దిగగానే అది బెదిరి, దుప్పట్లనూ తుపాకినీ అగ్గిపుల్లలనూ మోసుకుని అడవిలోకి పారిపోయింది. ఒంటి మీది బట్టలు, రెండు చిన్న కత్తులు, నాటకాలకు తీసుకువెళ్లే చిన్న దుర్భిణి ఆయనకు మిగిలాయి. కొన్నాళ్లకు ఆ కత్తులు కూడా పోయాయి. ముళ్లమొక్క వేళ్లు తింటూ, ఎండ కాసినప్పుడు దుర్భిణి అద్దంతో నిప్పు రాజేసుకుంటూ గడిపి, 37 రోజుల తరవాత ఎముకల గూడై దొరికాడు.

ఎవర్ట్స్ బీవర్ (వాగుల్లో ఆనకట్టలు కట్టుకుని బతికే బొచ్చు జంతువు) వేటగాడు కాదు. అంతకు ముప్పై, నలభై ఏళ్ల ముందే అవే కొండల్లో ఏళ్ల తరబడి తిరిగిన వేటగాళ్లకు, గుర్రం పోతే ఏం మిగలాలో బాగా తెలుసు. మన కాలంలో గుర్రం స్థానంలో పార్కింగులో నిలిపిన కారు ఉంది. కొలరాడోలోనో వయోమింగ్‌లోనో ఒక పూట కొండదారి నడిచి రావడానికి కుటుంబంతో వెళ్లే మనవాళ్లు, చలికోట్లనూ నీళ్లనూ మందుల పెట్టెనూ డిక్కీలో వదిలి, ఫోనూ ఒక నీళ్ల సీసా పట్టుకుని బయలుదేరడం నేను తరచుగా చూస్తున్నాను. అలాంటి ఒక రోజు నడక కోసం, అనుకోకుండా ఒక రాత్రి బయట గడపవలసి వచ్చినా తట్టుకునేలా సంచి ఎలా సర్దుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా వేటగాడి సామాను చూద్దాం. 1822లో సెయింట్ లూయిస్ నుంచి ఆష్లీ, హెన్రీ అనే వ్యాపారులు పంపిన బృందాలతో ఊపందుకున్న ఈ వేట, టోపీల తయారీకి కావలసిన బీవర్ బొచ్చు కోసం సాగి, 1840లో చివరి వార్షిక సంతతో దాదాపు ముగిసింది. 1834 నుంచి ఆ కొండల్లో తిరిగిన ఆస్బర్న్ రస్సెల్ తన దినచర్యలో వేటగాడి సరంజామాను వివరంగా రాశాడు: ఒక గుర్రం, జీను, కళ్ళెం, ఆరు ఇనుప బోనులున్న గోతం, ఒక కంబళి, అదనంగా ఒక జత తోలు పాదరక్షలు, తుపాకిమందు కొమ్ము, గుండ్ల సంచి, నడుము పట్టీకి కసాయికత్తి, బీవర్‌కు వేసే ఎర ఉన్న కర్ర డబ్బీ, పొగాకు సంచిలో చుట్టగొట్టంతో పాటు నిప్పు చేసే సాధనాలు, ఒక్కోసారి జీనుకు వేలాడే చిన్న గొడ్డలి. ఒక్కో బోను రెండు కిలోలకు పైగా ఉండేది కనుక, మోతలో చాలా భాగం బతకడానికి కాక బతుకుతెరువుకు సంబంధించినదే. బతకడానికి కావలసినవి మాత్రం నడుము చుట్టూ, మెడలో, ఒంటి మీద ఉండేవి.

కాబట్టి మొదటి పని సామాను కొనడం కాదు, ఉన్నదాన్ని మూడు కుప్పలుగా విడదీయడం. జేబుల్లోనూ నడుముకూ ఉండేవి ఒక కుప్ప, వీపు సంచిలో ఉండేవి రెండో కుప్ప, కారులో ఉండేవి మూడో కుప్ప. నిప్పు, కత్తి, ఈల, ఫోను, అత్యవసర సంకేత పరికరం మొదటి కుప్పలోకి రావాలి. వాగు దాటుతూ జారిపడి సంచి కొట్టుకుపోయినా ఇవి మీతోనే ఉంటాయి. హ్యూ గ్లాస్ అనే వేటగాడు 1824లో దాడి నుంచి తప్పించుకుని, తుపాకితో సహా సమస్తం పోగొట్టుకున్నాక, గుండ్ల సంచిలో కత్తి, చెకుముకి రాయి, ఉక్కుముక్క కనబడేసరికి తానొక ధనవంతుణ్ణన్నంతగా సంతోషించానని చెప్పినట్లు అతణ్ణి ఎరిగినవారి జ్ఞాపకాల్లో ఉంది.

నిప్పు గురించి కొంత విస్తారంగా చెప్పక తప్పదు. చెకుముకి మన పల్లెలకూ కొత్త కాదు. రాయి, ఉక్కు, బూరుగు దూది పెట్టుకుని చుట్ట వెలిగించుకున్న తాతలను ఎరిగినవారు ఇంకా ఉన్నారు. వేటగాడి పద్ధతీ అదే. ఉక్కు నుంచి రాలే రవ్వకు వేడి తక్కువ కనుక అది ఏ ఎండుగడ్డినో నేరుగా అంటించలేదు; గాలి ఆడని డబ్బాలో కాల్చి బొగ్గుగా మార్చిన నూలుగుడ్డ దాన్ని పట్టుకుని నెమ్మదిగా కణకణలాడుతుంది, ఆ కణికను పీచులో చుట్టి ఊదితే మంట పుడుతుంది. ఈనాటి ఫెర్రో కడ్డీ, 1903లో ఆస్ట్రియా రసాయనవేత్త వెల్స్‌బాక్ కనిపెట్టిన లోహమిశ్రమంతో చేసినది, దాదాపు 3,000 డిగ్రీల సెల్సియస్ రవ్వలు రాలుస్తుంది, తడిసినా తుడుచుకుని వాడవచ్చు. అందరి చేతిలోనూ ఉండే గ్యాస్ లైటర్ వీటన్నింటికంటే సులువు. అయితే అందులోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి ఆవిరి కావడం మానేస్తుంది కనుక, చలిలో సరిగ్గా అవసరమైన వేళకే అది మొరాయిస్తుంది. దాన్ని లోపలి జేబులో ఒంటి వేడికి ఆనించి ఉంచుకోండి. లైటరు మొదటి ఆధారం, ఫెర్రో కడ్డీ రెండో ఆధారం; వాజ్‌లైన్ దట్టించిన దూది ఉండలు పదింటిని చిన్న డబ్బీలో వేసుకుంటే ఒక్కొక్కటి కొన్ని నిమిషాల పాటు మండి, తడి చితుకులను ఆరబెట్టి అంటించే వ్యవధి ఇస్తుంది. వేసవిలో ఆ రాష్ట్రాల్లో మంటలపై నిషేధాలు తరచుగా ఉంటాయి. బయలుదేరే ముందు చూసుకుని, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప వెలిగించకండి.

బట్టల విషయంలో వేటగాడు మనకంటే తెలివైనవాడని నా అభిప్రాయం. అతని మేజోళ్లు కంబళి ముక్కలు, కోటు కంబళి, కాలితొడుగు కంబళి లేదా పొగబెట్టిన బైసన్ (అమెరికా అడవిదున్న) తోలు. రోజూ చన్నీళ్లలో దిగి బోనులు పెట్టేవాడికి ఉన్ని విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకుని కూడా తడి తెలియనివ్వదు, పూర్తిగా తడిసినా కొంత వెచ్చదనం మిగులుస్తుంది. వానలో గొంగడి కప్పుకున్న మన గొర్రెల కాపరికి కూడా ఇది అనుభవమే. నూలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. జీన్సు ప్యాంటు, నూలు టీషర్టు చెమటతోనో జల్లుతోనో తడిస్తే ఆరవు, గాలి వీచినకొద్దీ ఒంటి వేడిని లాగేస్తాయి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే అల్పోష్ణస్థితి మొదలవుతుంది. దానికి మంచు కురవనక్కరలేదు, వానా గాలీ చాలు. అందుచేత ఒంటికి ఆనుకుని పాలియెస్టర్ లేదా మెరీనో ఉన్ని చొక్కా, దాని మీద ఫ్లీస్, అన్నింటికీ పైన వాన చొరని పల్చటి జాకెట్ పెట్టుకోండి. ఉన్ని టోపీ ఒకటి, మేజోళ్లు అదనంగా ఒక జత సంచిలో ఉండాలి. ఈకల జాకెట్ తేలికే గాని, తడిస్తే చప్పబడి వెచ్చదనం పోతుంది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి.

రాత్రి తలదాచుకోవడానికి వేటగాడు కొమ్మలు ఏటవాలుగా నిలిపి, బైసన్ చర్మం కప్పుకునేవాడు. ఆ చర్మం బరువు మనం మోయలేం. వెండిరంగు పల్చటి అత్యవసర దుప్పటి వంద గ్రాములైనా ఉండదు, ఒంటి నుంచి వెలువడే వేడిలో చాలా భాగాన్ని వెనక్కి పంపుతుంది. కానీ నేల లాగేసే వేడిని అది ఆపలేదు, గాలికి చిరుగుతుంది. దుప్పటిలా పరుచుకునే రకానికి బదులు సంచిలా దూరే రకాన్ని కొనండి. కింద ఎండుటాకులు, రాలిన పైన్ కొమ్మలు జానెడు మందాన పరిచి, లేదా వీపు సంచినే వేసుకుని కూర్చోండి.

నీటి దగ్గర వేటగాడిని అనుకరించవద్దు. అతడు వాగు నీరు నేరుగా తాగేవాడు. ఆ వాగుల్లో ఉండే జియార్డియా పరాన్నజీవిని మోసే జంతువుల్లో బీవర్ కూడా ఒకటి, అందుకే ఆ విరేచనాలకు అక్కడ 'బీవర్ జ్వరం' అనే పేరు పడింది. సన్నటి గొట్టాల వడపోత సాధనం ఈ జీవులను ఆపుతుంది, వైరస్‌లను ఆపదు. పైగా ఒకసారి తడిసిన వడపోత రాత్రి గడ్డకడితే లోపల పగిలిపోతుంది, పైకి ఏమీ కనబడదు. రాత్రిపూట దాన్ని కూడా ఒంటికి ఆనించి పడుకోండి. అది పాడైతే కాచి తాగడానికి ఒక లోహపు గ్లాసు ఉండాలి: ఒక నిమిషం తెర్లనివ్వండి, 2,000 మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు.

ఇక దారి. 1824లో జెడెడయా స్మిత్ అనే వేటగాడి బృందానికి కొండలు దాటే మార్గం చెప్పింది అక్కడి స్థానికులైన క్రో జాతివారు. బైసన్ చర్మం పరిచి, దాని మీద ఇసుక పోసి, కుప్పలు కుప్పలుగా పర్వతాలను చూపారని ఆ బృందంలోని జేమ్స్ క్లైమన్ గుర్తుచేసుకున్నాడు. ఆ బృందం వయోమింగ్‌లోని సౌత్ పాస్ అనే కనుమ దాటింది. ఆ మాటకొస్తే పాదరక్షలు, ఎండుమాంసంలో కొవ్వు కలిపిన పెమ్మికన్, పొగబెట్టిన తోలు కూడా స్థానిక జాతుల విద్యలే. వాళ్లలాగే మీరూ ముందురోజు రాత్రి పటం చూసి, పక్కన పెట్టి, వాగు ఏ వైపున, కొండకొమ్ము ఏ వైపున, దారి ఎక్కడ చీలుతుందో జ్ఞాపకం మీద కాగితంపై గీయండి. గీయలేకపోతే మళ్లీ చూడండి. ఆ తరవాత ఫోనులో పటం దించుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి లోపలి జేబులో ఉంచండి, ఎందుకంటే లిథియం బ్యాటరీ చలికి త్వరగా చతికిలబడుతుంది. కాగితపు పటం, దిక్సూచి సంచిలో ఉండాలి.

వేటగాడికి ఎన్నడూ లేనిది, మనకు ఉన్నది ఒకటే: పిలిస్తే వినేవాళ్లు. 406 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేసే వ్యక్తిగత సంకేత పరికరం ఉపగ్రహాల ద్వారా మీరున్న చోటును రక్షణ సిబ్బందికి చేరుస్తుంది. నెలనెలా చందా కట్టనక్కరలేదు, కానీ కొన్నాక అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ అయిన నోవా దగ్గర ఉచితంగా నమోదు చేయించాలి. ఉపగ్రహ సందేశాల యంత్రానికి చందా ఉంటుంది, మాటలు అటూ ఇటూ పంపుకోవచ్చు. పిల్లలతో వెళ్లేవారు ఏదో ఒకటి కొనడం మంచిది. ఖరీదైన కత్తి మీద పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి. లోయలో కాక, ఆకాశం విశాలంగా కనబడే చోట నిలబడి నొక్కాలి. దానికి తోడు ఒక ఈల; మూడేసి సార్లు ఊదితే ఆపదలో ఉన్నామని అర్థం.

ఎలుగుబంటి ఎదురైతే వేటగాడి తుపాకి ఒకసారి పేలి, మళ్లీ నింపడానికి చాలాసేపు పట్టేది. 1823లో ఎలుగు చీరేసిన స్మిత్ చెవిని క్లైమన్ సూదీ దారంతో కుట్టాడు. ఇప్పుడు ఘాటైన మిరపసారం చిమ్మే డబ్బా ఉంది. సంచిలో కాదు, నడుముకు ఉండాలి. గాయాలు కుట్టే సాహసం మీరు చేయవద్దు. ఒత్తిపట్టే కట్టు, బొబ్బలకు పట్టీలు, రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు సరిపడా చాలు. మామూలు చిన్న కత్తి, తలకు పెట్టుకునే దీపం, దానికి అదనపు బ్యాటరీలు కూడా పెట్టుకోండి. తిండికి పెమ్మికన్ వెతకనక్కరలేదు, పల్లీ చిక్కీలు నాలుగు ఎక్కువ పెట్టుకోండి.

సర్దడం అయ్యాక, వాన పడే సాయంత్రం ఒకటి చూసుకుని, నిప్పు వెలిగించడానికి అనుమతి ఉన్న చోట, తడి చేతులతో ఫెర్రో కడ్డీని గీకి చూడండి. మొదటిసారి వెలగదు. ఎడమచేత్తో కూడా ప్రయత్నించండి, ఎందుకంటే పడినప్పుడు విరిగేది ఏ చెయ్యో ముందే తెలియదు. విమానంలో వెళ్లేవారు కత్తిని చెక్-ఇన్ చేసే పెట్టెలో పెట్టి, లైటరు ఒక్కటే జేబులో ఉంచుకుని, మిరపసారం డబ్బాను అక్కడికి వెళ్లాకే కొనుక్కోవాలి. సెలవులకు ఇండియాకు వచ్చేటప్పుడు ఉపగ్రహ సందేశాల యంత్రాన్ని ఇంట్లోనే వదిలి రండి. అనుమతి లేకుండా దాన్ని ఇక్కడికి తేవడం నేరం, విమానాశ్రయంలోనే పట్టుకోవచ్చు.