యూరియా వేసినా మొక్కజొన్న పసుపు తిరుగుతోందా? ముందు పార పట్టండి

లక్షణం: వరి కోశాక దున్నకుండా వేసిన మొక్కజొన్న. మోకాలి ఎత్తు పెరిగింది, పైపాటు యూరియా పడింది, వారం రోజులు నల్లగా నిగనిగలాడింది. రెండో తడి ఇచ్చిన నాలుగైదు రోజులకు కింది ఆకులు కొన నుంచి ఈనె వెంట పసుపు తిరగడం మొదలైంది. వెంటనే ఇంకో బస్తా తెచ్చి చల్లుతారు. అది మాత్రం చేయకండి.

పసుపు ఏ ఆకుల్లో ఉందో చూడండి. లేత ఆకుల్లో ఈనెకు రెండు పక్కలా తెల్లటి చారలుంటే జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే సరిపోతుంది.

కింది ఆకుల్లో అయితే నత్రజని లోపం. అప్పుడు సాళ్ల మధ్య జానెడు లోతు తవ్వండి. ఎంత చెప్పినా ఈ ఒక్క పనే ఎవరూ చేయరు! పైన నేల ఆరినట్టే ఉంటుంది, కాలు కూడా దిగబడదు. తవ్వితే గుంటలో నీరు ఊరుతుంది. ఏళ్ల తరబడి దమ్ము చేసిన మాగాణిలో అడుగున గట్టి పొర ఉంటుంది, నీరు దాన్ని దాటి దిగదు.

అసలు కారణం: ఎండకు కొంత యూరియా ఆవిరైపోతుంది, అది వేరే లెక్క. ఇక్కడ దెబ్బ తీసేది రెండో తడి. యూరియా నేలలో కొద్ది రోజులకే అమ్మోనియం అవుతుంది, ఆపై వారం పది రోజుల్లో చాలావరకు నైట్రేట్‌గా మారుతుంది. సరిగ్గా అప్పుడు నీరు నిలిస్తే మట్టిలో గాలి ఉండదు. ఊపిరాడని బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడేసుకుని, మిగిలిన నత్రజనిని గాలిలోకి వదిలేస్తుంది. మొదటి తడికి ఏమీ కాలేదు కాబట్టి రెండోదాన్ని ఎవరూ అనుమానించరు. పైగా కొత్తగా చల్లిన బస్తా కూడా అదే దారిన పోతుంది.

నీట మునిగి ఉండే వరి మడిలో ఇది చివరిదాకా సాగి, ఎక్కువ భాగం మామూలు నైట్రోజన్‌గా పోతుంది. నష్టం జేబుకే. సగం తడి, సగం గాలి ఉన్న మొక్కజొన్న నేలలో అది చాలాసార్లు మధ్యలోనే ఆగి నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువుగా బయటపడుతుంది. ఈ వాయువు గాలిలో వందేళ్లకు పైగా ఉంటుంది. కిలోకు కిలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడెక్కిస్తుంది. వాతావరణంలో పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్‌కు చేరాక కొంత భాగం నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి, ఎండలోని హానికర కిరణాలను ఆపే ఓజోన్‌ను తినేస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు చేసే ఈ పనిని వాతావరణ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రుట్జెన్ 1970లోనే చెప్పారు. ఓజోన్‌ను కాపాడేందుకు దేశాలు చేసుకున్న 1987 మాంట్రియల్ ఒప్పందం ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ వాయువుల పని పట్టింది గానీ నైట్రస్ ఆక్సైడ్ జోలికి రాలేదు. అందుకే ఇప్పుడు మనుషులు వదులుతున్న ఓజోన్ నాశక వాయువుల్లో ఇదే ముందుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగి పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది కాబట్టి దీని దెబ్బ కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. కింద వేడెక్కిన నేలా, కుండపోత వానలూ దీన్ని ఇంకా ఎక్కువ పుట్టిస్తాయి.

పరిష్కారం: వాలు వైపు కాలువ తీసి ముందు నీరు పంపేయండి. నేల పదునుకు వచ్చేదాకా యూరియా చల్లొద్దు. ఈలోగా పైరు నిలదొక్కుకోవడానికి లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. పదునొచ్చాక మొక్క మొదలుకు బెత్తెడు దూరంలో వేసి మట్టి కప్పండి. 45 కిలోల బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది, దాన్ని ఒకేసారి గుమ్మరించకుండా దఫాలుగా వేయండి. వచ్చే ఏడు దున్నే వీలుంటే బోదెల మీద విత్తండి, లేదంటే విత్తిన వెంటనే మురుగు కాలువలు తీయండి. యూరియాకు వేపపూత ఉందిలే అన్న ధీమా వద్దు. యూరియా నైట్రేట్‌గా మారడాన్ని వేప కాస్త ఆలస్యం చేస్తుందంతే, నిలిచిన నీటిని తీసేయదు.

గుంట పొడిగా ఉండి వేర్లు తెల్లగా ఉంటే యూరియా చాలలేదన్నమాట, వేసుకోండి. వేర్లు నల్లబడి కుళ్లు వాసన వస్తుంటే నీరు తీశాక కొత్త వేళ్లు వచ్చేదాకా ఆగాలి. నులిపురుగులు, కల్తీ యూరియా అంటారా, చాలా అరుదు. గుంట తవ్వి, ఒక మొక్క పీకి చూశాకే డీలర్‌తో గొడవకు వెళ్లండి.