బండి కరెంటుతో వంటా? ముందు వాట్లు లెక్కేసుకోండి

క్యాంపింగ్‌కి బయల్దేరేటప్పుడు ఇంట్లో ఎలక్ట్రిక్ కెటిల్, ఒక చిన్న ఇన్వర్టర్ డిక్కీలో పడేసుకుంటే టీ నీళ్లకి ఢోకా ఉండదనుకున్నా. స్విచ్ వేశాను, ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది, సాకెట్ ఫ్యూజ్ ఎగిరిపోయింది, దాంతో ఫోన్ ఛార్జింగ్ కూడా పోయింది.

లెక్క చిన్నదే. మామూలు కారు బ్యాటరీ 12 వోల్టులు. లైటర్ సాకెట్‌కి (డాష్‌బోర్డులో ఫోన్ ఛార్జర్ గుచ్చే గుండ్రటి రంధ్రం) చాలా బండ్లలో 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటుంది, అంటే మనకి దక్కేది 120 నుంచి 180 వాట్లు. ఇంటి కెటిల్ అడిగేది 1500. అంటే 125 ఆంపియర్లు, ఇన్వర్టర్ తినేది అదనం. ఆ సన్నటి వైర్లు అంత మోయలేవు.

కాబట్టి 12 వోల్టుల కోసమే చేసిన సామాను కొనుక్కోండి, ఓపిక కూడా వెంట తీసుకెళ్లండి. 120 వాట్ల కెటిల్‌లో లీటరు నీళ్లు మరగాలంటే, వేడి ఒక్క చుక్క వృథా కాకపోయినా ముప్పావు గంట పైనే. ఒక కప్పుకి సరిపడా పోసుకుంటే పావుగంటలో పని అయిపోతుంది.

నా ఓటు మాత్రం లంచ్‌బాక్స్ హీటర్‌కే. ఇది వండదు, వేడి చేస్తుంది, అంతే. లోపల అడుగున ఒక వేడి పలక ఉంటుంది కాబట్టి డబ్బా అడుగు చదునుగా ఉండి దానికి అంటుకోవాలి, గుండ్రటి గిన్నె పెడితే గంటైనా చల్లగానే ఉంటుంది. అన్నాన్ని రెండు వేళ్ల మందాన పరిచి, పైన రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత గట్టిగా పెట్టి, దిగాల్సిన చోటికి ఇంకో గంట ఉందనగా ప్లగ్ పెట్టేస్తా. ఇంజన్ ఎలాగూ నడుస్తోంది, కరెంటు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగే జనరేటర్) ఇస్తుంది, బ్యాటరీ మీద భారం పడదు. మధ్యలో బండి ఆపినప్పుడు ప్లగ్ ఒకసారి ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, వేలు పెట్టలేనంత కాలుతుంటే కాంటాక్ట్ లూజుగా ఉందన్నమాట, పీకేయండి.

పచ్చి మాంసం అందులో పెట్టకండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది, ఈ హీటర్లు ఆ మధ్యలోనే చాలాసేపు తచ్చాడతాయి. ముందే వండి, చల్లగా తెచ్చుకున్నదైనా సరే డబ్బాలోని తిండి నడిమధ్యలో కూడా 75 డిగ్రీలు దాటేదాకా ఆగి తినండి.

ఇంజన్ ఆపేశాక కథ వేరు. 100 వాట్ల హీటర్ గంటకి 8 ఆంపియర్-అవర్లు (బ్యాటరీలో నిల్వని కొలిచే లెక్క) పైనే లాగుతుంది. ఒక పూటకి ఓకే, కానీ అదే బ్యాటరీ మీద రాత్రంతా లైట్లు, ఫ్రిజ్ కూడా నడిపితే పొద్దున సెల్ఫ్ అందుకోదు. లోడు తీసేసి కాసేపాగి వోల్ట్‌మీటర్ చూడండి: 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికొచ్చినట్టే, ఇక ఆపేయండి. ఛార్జింగ్ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచుతానంటారా, మూసిన షెడ్డులో వద్దే వద్దు (కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు), ఎండుగడ్డి మీదా వద్దు, సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది.

నిజంగా వండాలంటే పవర్ స్టేషన్ కొనండి, అంటే సాకెట్లున్న పెద్ద బ్యాటరీ పెట్టె. 300 వాట్ల రైస్ కుక్కర్ అరగంటకి 150 వాట్-అవర్లు తింటుంది, 1000 వాట్-అవర్ల పెట్టెలో అది పెద్ద లెక్క కాదు. కాకపోతే దాన్ని లైటర్ సాకెట్ నుంచి 100 వాట్లతో నింపాలంటే పది గంటల పైమాటే, ఇంట్లోనే నింపుకుని బయల్దేరండి. వీ2ఎల్ (కారు బ్యాటరీ నుంచి బయటి సామానుకి కరెంటిచ్చే సదుపాయం) ఉన్న ఎలక్ట్రిక్ కారు వాళ్లకి మాత్రం ఈ గోలంతా అక్కర్లేదు, ఐయానిక్ 5 లాంటివి 3.6 కిలోవాట్ల దాకా ఇస్తాయి, ఇండక్షన్ స్టవ్వే పెట్టుకోవచ్చు.

మిగతావాళ్లు గ్లవ్ బాక్సులో రెండు మూడు స్పేర్ ఫ్యూజులు పెట్టుకోండి. అవి పాతదాని రేటింగువే అయి ఉండాలి. 15 మాటిమాటికీ పోతోందని 30 వేశారో, ఈసారి పోయేది ఫ్యూజ్ కాదు, వైరు.