స్కానర్ వణుకును ఎలా తగ్గించాను: నా అనుభవం

తిరుపతిలోని మా ప్రయోగశాలలో ఉపరితలాన్ని సూదిమొనతో తడిమి చిత్రం తీసే, వేగంగా పనిచేసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపుకు స్కానర్ (నమూనాను కదిలించే భాగం) తయారు చేసి, సెకనుకు 10 చిత్రాలు, చిత్రానికి 100 గీతల చొప్పున నడిపితే, ప్రతి గీత మొదట్లో చీర కుచ్చిళ్ళ వంటి అలలు కనిపించాయి. సూదిమొన అరిగిందనుకొని రెండు కాంటిలివర్లు (సూదిమొన ఉండే సన్నని పట్టీలు) మార్చినా ఫలితం లేకపోయింది. సెకనుకు 1000 గీతలు కాబట్టి స్కానర్‌ను నడిపేది 1 కిలోహెర్ట్జ్ త్రిభుజ తరంగం; అందులో 3, 5, 7 వంటి బేసి రెట్ల పౌనఃపున్యాలూ కలిసి ఉంటాయి. వాటిలో ఏడో రెట్టు మా స్కానర్ సహజ పౌనఃపున్యమైన 7 కిలోహెర్ట్జ్‌తో సరిపోయి, దాన్ని గంటలా మోగిస్తోంది. ఐదో రెట్టుకు పైనున్నవాటిని తొలగించగానే తరంగం మూలలు గుండ్రబడి, అలలు దాదాపు మాయమయ్యాయి.

మిగిలిన వణుకు నిలువు పియెజో (వోల్టేజి ఇస్తే సాగి నమూనాను పైకీ కిందికీ కదిపే ముక్క) స్కానర్‌ను వెనక్కి నెట్టే ప్రతిచర్య వల్ల వచ్చేది. అలాంటిదే మరొక పియెజోను వెనుకవైపు పలుచని ఎపాక్సీతో అతికించి, రెండూ ఒకేసారి ఎదురెదురు దిశల్లో సాగేలా వోల్టేజి ఇచ్చాను. జపాన్‌లోని కనజావా విశ్వవిద్యాలయంలో తోషియో ఆండో బృందం అనుసరించిన ఈ ఉపాయాన్ని నేను మొదటే పాటించి ఉండవలసింది.