ఎర్ర లైటు వెలిగాక ‘దగ్గరే కదా’ అనకండి

కిందటి ఆదివారం మధ్యాహ్నం మా మెకానిక్ షెడ్డుకు ఒక కారును తాడు కట్టి లాక్కొచ్చారు. పెళ్లికి వెళ్తున్న కుటుంబం. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ వేపచెట్టు కింద కూర్చొని శుభలేఖతోనే విసురుకుంటోంది. ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే కొసన కూడా తడి లేదు. కింద ప్లగ్గు విప్పితే కారిన ఆ కాస్త ఆయిలూ వెండి పొడి కలిపినట్టు మెరిసింది. బేరింగులు అరిగి రాలిన పొడి అది. ఇంజిన్ సీజ్, అంటే లోపల బిగుసుకుపోయింది.

‘డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఎప్పుడు వెలిగింది సార్?’ అని అడిగాను.

‘కొర్లపహాడ్ టోల్‌గేట్ దాటాక. సూర్యాపేట దగ్గరే కదా, అక్కడ చూపిద్దామనుకున్నా.’

ఆయిల్ లీకుల వల్ల పోయిన ఇంజిన్లను నేను తక్కువే చూశాను. లీకయ్యాక ‘దగ్గరే కదా’ అని నడిపితే పోయినవే ఎక్కువ. ఎండలు ముదిరాయి. పెళ్లిళ్లు, శ్రీశైలం, తిరుమల ప్రయాణాలు మొదలయ్యాయి. టైర్లలో గాలి, తాగడానికి నీళ్లు అందరికీ తెలిసినవే. నేను డ్యాష్‌బోర్డు మీద వెలిగే హెచ్చరిక లైట్ల గురించే చెబుతాను.

ఎరుపంటే ఆపమని. పసుపంటే త్వరగా చూపించమని. నీలం, ఆకుపచ్చ ఊరికే తెలియడానికి. కొన్ని చిన్న కార్లలో పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలం థర్మామీటరు గుర్తు వెలిగి, ఇంజిన్ వేడెక్కాక ఆరిపోతుంది. దానికి కంగారుపడి నాకు ఫోన్ చేసేవాళ్లున్నారు. ఎర్ర ఆయిల్ లైటుకు మాత్రం ఎవరూ కంగారుపడరు!

ముందు ఆ ఆయిల్ లైటు సంగతి. నూనె డబ్బా బొమ్మ ఉంటుంది. అది వెలిగితే ఆయిల్ కొంచెం తగ్గిందని, వీలున్నప్పుడు పోయొచ్చని చాలామంది అనుకుంటారు. అది చెప్పేది ప్రెషర్ గురించి. ప్రెషర్ పడిపోతే ఇంజిన్‌లో తిరిగే ఇరుసుకీ (క్రాంకు) బేరింగుకీ మధ్య ఉండే పల్చటి ఆయిల్ పొర పోతుంది, మెటల్ మీద మెటల్ రాసుకుంటుంది. ఇక్కడ లెక్క కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో. పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. కాసేపాగి, చదును నేల మీద డిప్‌స్టిక్ చూడండి. తక్కువుంటే పోసి స్టార్ట్ చేయండి. కొన్ని సెకన్లలో లైటు ఆరకపోతే వెంటనే ఆపేయండి. లెవెల్ సరిగ్గానే ఉండి లైటు వెలిగిందంటే పంపు పోయి ఉండొచ్చు, ఇక స్టార్టే చేయొద్దు.

రెండోది టెంపరేచర్. ముల్లు పైకి ఎక్కుతుంటే ఏసీ ఆపండి. ఘాట్‌లో ఆపే చోటు లేకపోతే అద్దాలు దించి హీటరు ఫుల్లుగా పెట్టండి, ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. చెమటలు కారతాయి, కారనివ్వండి. చోటు దొరకగానే ఆపాలి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తిప్పగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట ఆగి, మందపాటి గుడ్డ వేసి, మెల్లగా తిప్పండి. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే ఇంజిన్ పైభాగం, అదే హెడ్డు, పగలొచ్చు. ఇంకో మోసం ఉంది. కూలెంట్ (రేడియేటర్‌లోని నీళ్లు) మొత్తం కారిపోతే సెన్సర్‌కు తగలడానికి ఏమీ మిగలదు, ముల్లు కిందికి దిగిపోవచ్చు. ‘తగ్గిందిలే, దగ్గరే కదా’ అని బయల్దేరారా, హెడ్డు వంకరపోతుంది.

బ్యాటరీ లైటు వెలిగితే ముందు ఫ్యాన్ బెల్టు ఉందో తెగిందో చూడండి. చాలా ఇంజిన్లలో రేడియేటర్ నీళ్లను పారించే వాటర్ పంపును తిప్పేదీ అదే. తెగితే అక్కడే ఆగిపోండి.

పసుపులో చెక్ ఇంజిన్ ఒక్కటి చెబుతాను. నిలకడగా వెలిగి, బండి మామూలుగా నడుస్తుంటే టెన్షన్ వద్దు, ఒకట్రెండు రోజుల్లో స్కానర్ పెట్టించండి. మిణుకు మిణుకుమంటుంటే మాత్రం ఇంజిన్ మిస్సవుతోంది, అంటే పెట్రోలు సరిగ్గా కాలడం లేదు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. దాన్ని ఎరుపు కిందే లెక్కేసి ఆపండి. ఎండుగడ్డి మీద మాత్రం ఆపొద్దు.

ఇక మిగతావి.

కీ తిప్పగానే లైట్లన్నీ వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. ఆయిల్ లైటు అసలు వెలగలేదంటే వైరో బల్బో పోయింది, లేదా ఎవరో పీకేశారు. పాత కారు కొనేవాళ్లు ఇది చూడకుండా డబ్బులివ్వకండి.

బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెట్టి, లోపం సరిచేయకుండానే ‘చెక్ ఇంజిన్ లైటు పోయిందన్నా’ అనేవాడికి పైసా ఇవ్వకండి.

లైటు మీద స్టిక్కరు అంటించకండి. నవ్వకండి, అంటించినవాళ్లను చూశాను.

హ్యాండ్‌బ్రేకు దించినా ఎర్ర బ్రేకు లైటు ఆరకపోతే బండి కదపకండి, ఘాట్ అసలే దిగకండి.

ఇన్సూరెన్స్ ఉందిలే అనుకోకండి. ప్రమాదమేమీ జరక్కుండా ఇలా ఇంజిన్ పాడైతే మామూలు పాలసీలో డబ్బులు రావు.

హైవే మీద ఆపితే నాలుగు ఇండికేటర్లూ వేయండి, ఎర్ర హెచ్చరిక ట్రయాంగిల్ బాగా వెనక పెట్టండి. పిల్లల్ని కార్లో ఉంచకండి, రెయిలింగ్ అవతలికి పంపండి. నేషనల్ హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

ఎర్ర లైటు పెట్టుకుని నడుపుతూ నాకు ఫోన్ చేసి ‘రావచ్చా అన్నా’ అని అడగకండి. రావద్దు. ‘పది కిలోమీటర్లే’ అన్నా రావద్దు. ముహూర్తం ఉందంటారా, ఆటో పిలిచి మనుషుల్ని పంపండి. బండి అక్కడే ఉండనివ్వండి.